మొగల్తూరు మీద వరదగుడి

మొగల్తూరులో ఐసు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి రొయ్యల పట్టుబడి జరిగే చెరువు గట్టు మీద. తెల్లారగట్ల వ్యాను దిగిన ఐసు దిమ్మల్ని పొడి కొట్టి, ఒక వరస రొయ్య, ఒక వరస ఐసు చొప్పున ట్రేల్లో సర్దుతారు. రెండోది నెత్తిమీద. చొక్కా పిండితే చెమట కారే రోజున కూడా ఇక్కణ్ణుంచి నిటారుగా సుమారు ఐదు కిలోమీటర్లు పైకి పోతే నీళ్ళు గడ్డకట్టే చలి మొదలవుతుంది. నరసాపురం బస్టాండు అంతకంటే దూరం.

ఆ రెండో ఐసుని నాకు చూపించింది మొదటి ఐసుతో పని ఉన్న ఒక రైతే. ఆయన దాన్ని ఐసు అనలేదు, గుడి అన్నాడు.

కార్తీకమాసం. సార్వా మాసూళ్ళు జోరు మీదున్నాయి. ఊళ్ళోంచి సముద్రం వైపు పోయే రోడ్డు సగం బళ్ళకి, సగం ధాన్యానికి. మొగల్తూరు అనగానే ఎవరైనా కృష్ణంరాజు గారి ఊరు, చిరంజీవి గారి ఊరు అంటారు గానీ నేను వెళ్తున్నది పేరుపాలెం బీచికి. ఎదురుగా లారీ వస్తే పక్కకి తప్పుకోబోయి ఆరబోసిన ధాన్యం మీదికి టైరు ఎక్కించేశాను. తిట్లు తప్పవనుకుని బండి దిగాను. ధాన్యం ఆసామి అరవై దాటిన మనిషి. నాలుగెకరాల వరి, రెండెకరాల వనామి చెరువు. నన్ను తిట్టలేదు సరికదా, నా వైపే చూడలేదు. కొబ్బరిచెట్టు మొవ్వుని సూర్యుడికి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు.

“గుడి కట్టేడండి” అన్నాడు.

నేనూ ఆ చెట్టు నీడలోకి వెళ్ళి నిలబడ్డాను. సూర్యుడి చుట్టూ పెద్ద వలయం. గీత గీసినట్టు కాదు, తడిచేత్తో ముగ్గు వేస్తే పిండి అలుముకున్నట్టుంది. లోపలి అంచు ఇటుకరంగు, దాని బయట కొంచెం పసుపు, ఆ బయట తెలుపు ఆకాశంలో కలిసిపోయింది. వలయం లోపలి ఆకాశం బయటి ఆకాశం కంటే ఒక పిసరు నల్లగా ఉంది. మేఘం అనదగ్గది ఎక్కడా లేదు. నీలం మీద పల్చటి మజ్జిగ పోసినట్టు ఒక పొర, అంతే.

“పెద్దదేనండి. దూరంగా కట్టేడంటే దగ్గర్లో ఉన్నట్టు.”

“ఏమిటి దగ్గర్లో?”

“ఇంకేటండి, వాన!” అని, జేబులోంచి ఫోను తీసి ఎవరికో చేశాడు. “ఒరే అబ్బాయ్, బరకాలు ఎన్నున్నాయి మనకాడ? ... చాలవు. మీ బావ దగ్గర రెండు పట్రా.”

ఆయనకి ఆకాశంలో కనబడింది వింత కాదు, నోటీసు.

వరదగుడి, కొన్నిచోట్ల వరదగూడు. పాత నిఘంటువులు పరివేషం అని అర్థం చెప్పి ఊరుకున్నాయి. నాకైతే ఆ మాటలో రెండో సగం మీదే మక్కువ. గుడి అంటే దేవుడుండే గుడి ఒక్కటే కాదు, వలయం కూడా. బళ్ళో పంతులుగారు ‘క’కి గుడిస్తే ‘కి’ అని చెప్పినప్పుడు అక్షరం నెత్తిన మనం చుట్టిన ఆ చిన్న సున్న కూడా గుడే. గుడిగొనడం అంటే చుట్టూ మూగడం. చంద్రుడు గుడి కట్టాడు అనే మాటలో కోవెల ఊహ లేదు. అక్షరానికి గుడిచ్చినట్టు చంద్రుడికి ఎవరో గుడిచ్చారు. ముందున్న వరద మాత్రం డెల్టావాళ్ళకి అర్థం చెప్పక్కర్లేని మాట.

ఇప్పుడు ఆ గుడి ఎలా కడుతుందో చూద్దాం. ఇంట్లో ఆరు పలకల పెన్సిలు ఉంటే తీయండి. పైన పొరలో ఉన్న మంచు స్ఫటికాల్లో చాలావాటి ఆకారం అదే, కాకపోతే కంటికి ఆనవు. నీటి అణువులు గడ్డకట్టేటప్పుడు ఆరు మూలల అల్లికలో పేరుకుంటాయి కాబట్టి స్ఫటికానికీ ఆరు పలకలే వస్తాయి. ఎండ ఒక పలకలోంచి లోపలికి దూరి, పక్క పలకని వదిలేసి ఆ తర్వాతి పలకలోంచి బయటికొస్తుంది. ఆ రెండు పలకల మధ్య కోణం 60 డిగ్రీలు. అంటే పెన్సిలు లాంటి ఆ మంచుముక్క ఈ కిరణానికి మూడు పలకల గాజు పట్టకంలాగే పనిచేస్తుంది. మంచు వక్రీభవన గుణకం 1.31. లెక్క కడితే కిరణం ఎంత తక్కువ వంగినా దాదాపు 22 డిగ్రీలు వంగి తీరాలి. అంతకంటే ఎక్కువ వంగొచ్చు గానీ తక్కువ కుదరదు. స్ఫటికాలు ఎటుపడితే అటు దొర్లుతూ ఉంటాయి కాబట్టి అన్ని దిక్కులకీ వెలుతురు చిమ్ముతాయి. అందులో ఎక్కువ భాగం ఈ 22 దగ్గరే పోగవుతుంది. అదే గుడి. 22 లోపల ఆ వెలుతురుకి చోటు లేదు కనకే లోపల ఆకాశం నల్లబడుతుంది. ఎరుపు అన్నిటికంటే తక్కువ వంగే రంగు, అందుకని లోపలి అంచు దానిది.

22 డిగ్రీలంటే ఎంతో కొలవడానికి పరికరం అక్కర్లేదు. చెయ్యి బారుగా చాచి జాన పెట్టండి. బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా ఆకాశంలో దాదాపు అంతే వస్తుంది. బొటనవేలితో సూర్యుణ్ణి కప్పితే చిటికెనవేలు గుడి మీద పడుతుంది. పిల్లాడికైనా పెద్దాడికైనా ఈ లెక్క పెద్దగా తప్పదు. చెయ్యి చిన్నదైతే జానా చిన్నదే కదా. సూర్యుణ్ణి మాత్రం తేరిపార చూడొద్దు. ఆసామి చేసినట్టు కొబ్బరి మొవ్వునో, కరెంటు స్తంభాన్నో అడ్డం పెట్టుకోవాలి.

ఈ జాన కొలతే ఆసామి చెప్పిన మాటకి తాళంచెవి. పెద్దవాళ్ళు అనే మాట ఇది: దగ్గర వరదగుడి దూరం వాన, దూరం వరదగుడి దగ్గర వాన. చిన్నప్పుడు విని, ప్రాస కోసం తిరగేసి చెప్పిన మాట అనుకున్నాను. కాదు. అది రెండు వేర్వేరు వస్తువుల్ని విడదీస్తోంది.

దగ్గర గుడి అంటే చంద్రుణ్ణి అంటిపెట్టుకుని కనిపించేది. చాచిన చేతికి రెండు మూడు వేళ్ళ మందం, అంతే. అది చాలావరకు నీటి బొట్ల పని. తక్కువ ఎత్తులో ఉన్న పల్చటి మేఘంలో సన్నటి బొట్ల అంచుల చుట్టూ వెలుతురు విచ్చుకుని చేసే రంగు బిళ్ళ అది. అందులో ఎరుపు బయటి అంచుకి ఉంటుంది. దూరం గుడి జానెడు దూరంలో ఉంటుంది. అది మంచు పని, ఎరుపు లోపలి అంచుకి. ఒకదానిలో వెలుతురు బొట్టు అంచున ఒరుసుకుపోతుంది, ఇంకోదానిలో స్ఫటికం పొట్టలోంచి దూరిపోతుంది. చూడ్డానికి ఒకే జాతిలా ఉన్నా రెండిటికీ చుట్టరికం లేదు.

అలాంటి చిన్న బొట్ల మేఘపు తునకలు మామూలు రోజుల్లో కూడా తేలుతుంటాయి. వాటివల్ల వెంటనే వాన వచ్చేదేం లేదు. ఆకాశమంతా పరుచుకునే మంచు పొర అలా కాదు. దూరాన ఎక్కడో పెద్ద వాన వ్యవస్థ ఉంటే దాని నెత్తి నుంచి గాలికి కొట్టుకొచ్చిన పొర అది. అందుకే దూరం గుడికి వాన దగ్గర. పైన ఉన్నది మంచు అని ఆ మాట పుట్టించిన వాళ్ళకి తెలిసే వీలు లేదు. అయినా వలయం సైజు పట్టుకుని నీటిని మంచు నుంచి వేరు చేసేశారు.

మొగల్తూరు నుంచి దక్షిణానికి పోతే పేరుపాలెం, దాని తర్వాత బంగాళాఖాతం. తుపాను సముద్రం మీద ఉండగానే దాని నడినెత్తి నుంచి మంచు మేఘం నాలుగు పక్కలకీ వందల కిలోమీటర్లు విప్పుకుంటుంది. గాలీ వానా ఇంకా రాకముందే ఆ పొర అంచు తీరం మీదికి రావచ్చు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా తీరం దాటింది ఇక్కడికి దగ్గరే, నరసాపురానికి చేరువలో. ఇప్పుడైతే తుపాను పుట్టకముందే ఫోన్లలో దాని దారి గీతలు తిరుగుతాయి. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన నాటికి ఒడ్డు మీదున్న వాళ్ళకి ఉన్నవి రేడియో, ఆకాశం.

పేరుపాలెంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని గుడి గురించి అడిగాను. “చూత్తామండి. కానీ గుడి ఒక్కదాన్నే చూసి వేట మానెయ్యం” అన్నాడు. అల ఎలా పడుతోంది, గాలి ఎటు తిరిగింది, మచిలీపట్నంలో ఎన్నో నంబరు జెండా ఎగరేశారు, వీటన్నిటి పక్కన గుడి ఒకటి. “మరీ తరుచుగా కట్టేత్తుంటాడండి, నమ్మితే ఒడ్డునే కూకోవాలి.”

తరచుగా కట్టేయడానికి కారణముంది, అది కనిపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు మన తెలుగాయనే. పంచేటి కోటేశ్వరం భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్‌గా పనిచేశారు. వానాకాలంలో దక్షిణ భారతం మీద సుమారు పద్నాలుగు పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి ఉరికే గాలి ప్రవాహం ఒకటుందని 1950లలో ఆయన బయటపెట్టారు. గంటకి వంద కిలోమీటర్లు దాటే గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బంగాళాఖాతం మీద ఉరుముల మేఘాలు లేచినప్పుడల్లా వాటి నెత్తిన ఉన్న మంచుని ఈ గాలి దూది ఏకినట్టు ఏకి మన వైపు తోలుతుంది. అలా వచ్చిన పొర కట్టే గుడికి వెనక వాన ఉండొచ్చు, లేకపోతే ఆ వాన నిన్ననే సముద్రంలో కురిసి అయిపోయి కూడా ఉండొచ్చు. శ్రావణంలో గుడిని ఒక లెక్కన, కార్తీకంలో గుడిని ఇంకో లెక్కన చూడాలని నా ఉద్దేశం. కార్తీకంలో చేలో పనలుంటాయి, రోడ్డు మీద ధాన్యం ఉంటుంది. వాన రాకపోతే పోయేది ఒక పూట బరకాలు మోసిన కష్టం. వస్తే పోయేది ఏడాది పంట.

ఈ మంచు పొరని ఏళ్ళ తరబడి కొలుస్తున్న చోటు మన రాష్ట్రంలోనే ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. అక్కడ రాత్రిపూట ఆకుపచ్చ లేజరు కాంతిని నిటారుగా పైకి కొట్టి, మేఘానికి తగిలి తిరిగొచ్చేది ఎంతో పట్టుకుంటారు. లైడార్ అంటారు దాన్ని. జపాను సహకారంతో 1998లో పెట్టారు. తిరిగొచ్చిన కాంతి ఎంత సేపటికి వచ్చిందన్న దాన్నిబట్టి మేఘం ఎత్తు తెలుస్తుంది. అంతకంటే ముచ్చటైన సంగతి ఒకటుంది. పంపే కాంతి ఒకే తలంలో కంపిస్తూ పోతుంది. గుండ్రటి నీటి బొట్టుకి తగిలి వెనక్కొస్తే ఆ తలం దాదాపు మారదు. పలకలున్న స్ఫటికాల్లో దూరి వస్తే చెదిరిపోతుంది. ఆ చెదురుబాటు చూసి పైన ఉన్నది నీరా మంచా చెప్పేస్తారు. దగ్గర గుడి, దూరం గుడి అని మనవాళ్ళు చేసిన విభజనే ఇది. ఆసామి జానతో చేస్తాడు, గాదంకి వాళ్ళు లేజరుతో చేస్తారు.

వాళ్ళకి తగిలే మంచు మేఘాల్లో చాలా భాగం పన్నెండు కిలోమీటర్లకి పైనే. అక్కడ చలి మైనస్ 50 నుంచి మైనస్ 80 డిగ్రీల దాకా. వాటిలో కొన్ని ఎంత పల్చనంటే కింద నిలబడి చూసేవాడికి నీలాకాశమే కనిపిస్తుంది.

పుస్తకాల్లోకి ఈ గుడి చాలా ముందే ఎక్కింది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో పరివేషానికి ఒక అధ్యాయం, సూర్యుడి పక్కన కనిపించే దొంగ సూర్యుడికి ప్రతిసూర్యుడని పేరుపెట్టి ఇంకో అధ్యాయం కేటాయించాడు. కిరణాలు గాలివల్ల గుండ్రంగా చుట్టుకుని పల్చటి మేఘంలో ప్రతిఫలిస్తే పరివేషమట. పల్చటి మేఘం ఉండాలన్నంత వరకు ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ రంగు గుడి కడితే ఏ రాజుకి ఏం మూడుతుంది అన్న జాబితా మొదలవుతుంది, అక్కడ మనం పుస్తకం మూసెయ్యొచ్చు. యూరప్ వాళ్ళూ తక్కువ తినలేదు. 1535 ఏప్రిల్ 20న స్టాక్‌హోం మీద వలయాలూ దొంగ సూర్యులూ కనిపిస్తే దాన్ని బొమ్మ గీయించి పెట్టుకున్నారు. దానికి 1636లో వేసిన నకలు ఇప్పటికీ అక్కడి పెద్ద చర్చిలో ఉంది. 60 డిగ్రీల పట్టకం లెక్కతో గుడి గుట్టు విప్పింది అదే పదిహేడో శతాబ్దంలో మరియొట్ అనే ఫ్రెంచాయన.

మన దగ్గర ఈ మధ్య అందరూ ఒకేసారి తలెత్తి చూసిన గుడి 2021 జూన్ 2న హైదరాబాదు మీద కట్టింది. అంతకు తొమ్మిది రోజుల ముందు, మే 24న, బెంగళూరులో కట్టింది. కరోనా రెండో అల రోజులు. ఇళ్ళల్లో కూచున్నవాళ్ళంతా డాబాలెక్కి ఫొటోలు తీశారు. గంటలో వాట్సాప్ నిండిపోయింది. అరుదైన అద్భుతం అని కొందరు, అరిష్టం అని కొందరు. రెండూ తప్పే. ఆకాశం వైపు రోజూ చూసే అలవాటున్నవాడికి గుడి ఏడాదిలో ఎన్నోసార్లు దొరుకుతుంది. చూడనివాడికే అరుదు.

అసలు అరుదు ఇంకోటుంది, దానికి మన ఊరు చలిదేశాల కంటే మంచి సీటు.

పైన పెన్సిళ్ళే కాదు, బిళ్ళల్లాంటి స్ఫటికాలూ ఉంటాయి. బాదం ఆకు రాలేటప్పుడు తేలుతూ వెల్లకిలా దిగుతుంది చూడండి, ఇవీ అలా బల్లపరుపుగా దిగుతాయి. సూర్యుడు కిందికి వాలి ఉంటే వీటివల్ల అటూ ఇటూ జానెడు దూరంలో రెండు రంగుల మచ్చలు వెలుగుతాయి. అవే ప్రతిసూర్యులు. సూర్యుడు 61 డిగ్రీలు దాటి పైకెక్కితే అవి ఉండవు. కాబట్టి వాటికోసం పొద్దున్నో సాయంత్రమో చూడాలి, సముద్రపు ఒడ్డయితే మరీ సుఖం. సూర్యుడు 58 డిగ్రీలు దాటి పైకెక్కినప్పుడు అవే బిళ్ళలు వేరే పని చేస్తాయి. ఎండ పక్క పలకలోంచి దూరి అడుగు పలకలోంచి దిగుతుంది. ఆ రెండిటి మధ్య 90 డిగ్రీలు. అప్పుడు సూర్యుడికి బాగా కింద, దిగంతానికి సమాంతరంగా, పట్టుచీర అంచు పరిచినట్టు రంగుల పట్టీ వస్తుంది. రంగులు ఇంద్రధనుస్సు కంటే శుభ్రంగా విడిపోతాయి. వాన అక్కర్లేదు, వంపూ పెద్దగా ఉండదు.

కోపెన్‌హేగన్‌లో ఏ రోజూ సూర్యుడు 58 డిగ్రీల ఎత్తుకి చేరడు. స్టాక్‌హోం అంతకంటే ఉత్తరాన ఉంది. వలయాల బొమ్మ గీయించుకున్న ఆ ఊరివాళ్ళు ఇంటి దగ్గర కూచుని ఈ పట్టీని చూడలేరు. మొగల్తూరు ఉన్నది 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. ఇక్కడ ఫిబ్రవరి మొదటి వారం నుంచి నవంబరు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు ఆ ఎత్తు దాటుతాడు. మే మొదటి వారం చివర, మళ్ళీ ఆగస్టు మొదటి వారం చివర సరిగ్గా నడినెత్తికి వచ్చి మనిషి నీడని కాళ్ళ కింద దాచేస్తాడు. ఆ రోజుల్లో పదింటి నుంచి రెండింటి దాకా ఈ పట్టీకి వేళే. మార్చి మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 68 డిగ్రీలు. అప్పుడు పట్టీ దక్షిణాన, పేరుపాలెం వైపు, దిగంతానికి జానెడు ఎత్తున కట్టాలి. రోడ్డు పక్క కొబ్బరిచెట్ల తలల మీద కూచున్నట్టుంటుంది.

కట్టాలి అంటున్నాను గానీ నేను చూడలేదు. ఆ కార్తీకపు రోజున వీలే లేదు, సూర్యుడు 58కి ఎక్కడు. మార్చిలో పనిగట్టుకుని రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఆకాశం అద్దంలా ఉంది. రెండోసారి గుడి కట్టింది గానీ దక్షిణాన దాళ్వా చేల మీద తెల్లటి ఆవిరి తప్ప ఏం లేదు. బిళ్ళలు బల్లపరుపుగా పడాలి, పొర దక్షిణాన కూడా ఉండాలి, కింద దుమ్మూ ఆవిరీ ఉండకూడదు. ఇన్ని కుదరాలి. మళ్ళీ వెళ్తాను.

కార్తీకం సంగతికొస్తే, ఆ సాయంత్రం నేను పేరుపాలెం నుంచి తిరిగొచ్చేసరికి రోడ్డు మీద ధాన్యం లేదు. గట్టు మీద కుప్పగా ఎత్తి, నీలం బరకాలు కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టారు. చెరువులో ఏరియేటర్లు అప్పుడే తిప్పేశారు. మబ్బు పట్టి ఎండ తగ్గితే నీళ్ళలో ఆక్సిజను పడిపోతుంది, తెల్లారేసరికి రొయ్య తేలుతుంది. పౌర్ణమికి ఒక రోజు తక్కువ చంద్రుడు. రాత్రి పది దాటాక బాగా పైకొచ్చాడు, ఆయనకీ గుడి కట్టింది. పగటి గుడికున్న ఇటుకరంగు దీనికి లేదు, ఒట్టి తెలుపు. ఆ కాస్త వెలుతురులో మన కంటికి రంగు ఆనదు. చెయ్యి చాచి జాన పెట్టాను. సరిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి, దుమ్ము కూడా అణగలేదు. మూడో రోజు పొద్దున్న అటే పోతూ ఆగాను. ఆసామీ, ఆయన కొడుకూ బరకాలు తీస్తున్నారు. అడుగు నుంచి ముక్కిన ధాన్యం వాసన, ఆవిరి.

“అబద్ధం చెప్పిందేమిటండి గుడి?” అన్నాను.

“అది చెప్పిందండి. వాన్నే ఎవరో వేరే ఊరు పిలుచుకున్నారు.”

గుప్పెడు గింజలు తీసి ఒకటి పంటికింద కొరికాడు. టక్కుమనలేదు, ఇంకా పచ్చిగానే ఉంది. కొడుకుని పారతో రోడ్డు మీదికి లాగమని, రెండో కుప్ప మీది బరకం అంచు పట్టుకుని, తియ్యబోతూ ఒక్క క్షణం ఆగి, చెట్టు నీడలోకి జరిగి పైకి చూశాడు.